సంతకం ఒక్కటే పెట్టండి

కాగితాన్ని రైటరు మూడోసారి చదివాడు. మొదటి రెండుసార్లు అర్థం కాక కాదు. ముప్ఫై ఏళ్ళుగా వార్డులో అందరి కాగితాలూ చదివిపెట్టిన మనిషికి తన పేరున వచ్చిన కాగితం అర్థం కాకపోవడమేమిటి? అర్థం కావడం ఇష్టం లేక మళ్ళీ చదివాడు.

అది సంతకాల పరిశీలన కార్యాలయం నుంచి వచ్చింది. ముందస్తు ఎన్నికలు కోరుతూ నాలుగో వార్డు నుంచి అందిన నలభై ఆరు షీట్లలోనూ పేర్లు, ఇంటి నంబర్లు ఒకే చేతిరాతలో ఉన్నాయి కనుక ఆ పదకొండు వందల యాభై సంతకాలనూ అనుమానాస్పదంగా ఎంచి పక్కన పెట్టడమైనది. సంతకం చేసినవారు గురువారం సాయంత్రం ఐదు గంటల్లోగా స్వయంగా హాజరై తమ వివరాలు తమ చేతితో రాసి ధ్రువపరచాలి. లేకుంటే రద్దు. పైగా ఆ వివరాలు రాసిన వ్యక్తిపై ఫోర్జరీ కింద చర్య తీసుకోబడును, సదరు వ్యక్తి పరిశీలన హాలులోకి రారాదు.

చేతిరాత అతనిదే. అందులో దాపరికం ఏముంది? పెద్దాఫీసు మెట్ల కింద అతని బల్ల దగ్గరికి ఎవరొచ్చినా జరిగేది ఒకటే. ఎదుటి మనిషిని కూర్చోబెడతాడు, పేరడుగుతాడు, ఇంటి నంబరడుగుతాడు, కాగితం తన ముందే పెట్టుకుని మొత్తం తనే రాస్తాడు. చివర్న పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కు పెట్టి, కాగితం అటు తిప్పి, పెన్ను అప్పుడిస్తాడు. "మీరు సంతకం ఒక్కటే పెట్టండి" అంటాడు. సంతకం రాని వాళ్ళకి ఇంకు ప్యాడు ముందుకు తోస్తాడు, ఆ పైన వేలు తుడుచుకోవడానికి తడి గుడ్డ కూడా ఇస్తాడు. అతని అక్షరాలు ముత్యాలంటారు వార్డులో. అతను రాసిన దరఖాస్తు ఒక్కటి కూడా రాత బాగాలేదని వెనక్కి రాలేదు. ఇన్నేళ్ళకి రాత బాగున్నందుకు వచ్చింది.

సొరుగులో మిగిలిన ఖాళీ షీటు తీసి కళ్ళద్దాలు పైకి జరిపి చూశాడు. అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో ఉంది: వివరాలన్నీ సంతకం చేసేవారే స్వయంగా నింపవలెను. కింది గీత దాకా చదవందే ఎవరినీ సంతకం పెట్టనివ్వని మనిషి ఈ ఒక్క గీత చదవలేదు. వేరే వాళ్ళు కాగితం నింపే సంగతి ఎన్నడూ బుర్రకు ఎక్కలేదు కనుక ఆ షరతు మీద కన్ను ఆనలేదు. తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు, ఎదురుగా ఇద్దరు కూర్చుని ఉన్నారు.

లెక్క అతనికి కంఠతా వచ్చు. దేశంలో సగం నియోజకవర్గాల నుంచి పదేసి వేల సంతకాలు చేరితే ముందస్తు ఎన్నికల మీద సభలో ఓటింగు పెట్టి తీరాలి. సగానికి ఒక్కటి తక్కువ పడింది. ఇక్కడ పదివేల మూడు వందలు వచ్చాయి కాబట్టి ఆ ఒక్కటీ ఇదేనని అంతా సంబరపడ్డారు. పదకొండు వందల యాభై తీసేస్తే ఏం మిగులుతుంది? ఎనిమిది వందల యాభై మంది మళ్ళీ వచ్చి రాయకపోతే ఈ ప్రభుత్వం ఇంకో రెండేళ్ళు కదలదు. రెండేళ్ళూ అతని కూతురు లోపలే ఉంటుంది.

కూతురు బస్సు కండక్టరు. సమ్మెలో డిపో గేటు ముందు నిలబడ్డవాళ్ళని వ్యాను ఎక్కించి పదకొండు నెలలయింది. కేసు లేదు, విచారణ లేదు, ప్రత్యేక ఉత్తర్వు అంటారు అంతే. ఆ ఉత్తర్వు రద్దు చేస్తామని అవతలి పార్టీ వాళ్ళు ప్రతి మీటింగులోనూ మాటిస్తున్నారు. వాళ్ళ మాట మీద అతనికి పెద్ద గురేమీ లేదు. కాని పట్టుకోవడానికి ఇంకేముంది?

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ కుట్టుమిషన్ల వాళ్ళ చొక్కాలు తెచ్చుకుని దారపు పోగులు కత్తిరించే పని చేస్తుంది. ఒళ్ళో చొక్కా, చేతిలో చిన్న కత్తెర. విన్నంతసేపూ కత్తెర ఆగలేదు. మొదటి షీటు మొదటి గీతలో ఉన్నది ఆవిడ వేలిముద్రే. ఆ రోజు అతనే బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద అద్ది, ముద్ర వేయించి, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు.

"నేనూ వెళ్ళి మళ్ళీ వేయాలా?" అంది.

వేలిముద్ర వాళ్ళకి వివరాలు అక్కడి గుమాస్తానే రాస్తాడని, జనం తగ్గాక గురువారం మెల్లిగా రమ్మని చెప్పాడు. ఆవిడ తలూపి పోగు కత్తిరించింది.

మంగళవారం బల్ల మూసేసి కాళ్ళరిగేలా తిరిగాడు. అతనికన్నా ముందే పరిశీలన ఆఫీసు జీపు తిరిగి వెళ్ళిందని రెండో వీధిలో తెలిసింది. ఇద్దరు మనుషులు దిగి, ఇంటింటికీ వెళ్ళి, ఈ సంతకం మీరే పెట్టారా, ఎవరైనా పెట్టించారా, మీరెక్కడ పనిచేస్తారు అని మర్యాదగానే అడిగారట. ఆ మర్యాదకే సగం మంది నీరుగారిపోయారు. నిన్నటిదాకా ఎదురొచ్చి పలకరించిన వాచ్‌మన్ తలుపు సందులోంచి, నేను పెట్టలేదని చెప్పేశాను, ఏమనుకోకండి, పెన్షను ముందుంది అన్నాడు. పాల బూత్ అతను అసలు గుర్తే లేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళు పాల డబ్బాల మీదున్నాయి. అతనికి బూత్ లైసెన్సు ఇప్పించిన దరఖాస్తు రాసింది రైటరే, కాని ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని భయపడ్డాడు.

మిగతావాళ్ళ సంగతి వేరు. వాళ్ళు జీపుకి భయపడలేదు. వస్తాం, కాని అక్కడ మాకు రాయడం ఎలా అన్నారు. బడికి వెళ్ళినవాళ్ళే. మెకానిక్కు పదో క్లాసు దాకా చదివాడు. ఏదైనా తప్పు రాస్తే కాగితం చెల్లదని మీరేగా అంటారు, మీరొచ్చి పక్కన నిలబడితే రాస్తాం అన్నాడు. తను హాలు గడప తొక్కకూడదని కాగితంలో రాశారని చెబితే మెకానిక్కు స్పానరు గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు.

ఇస్త్రీ బండి ఆవిడ దగ్గర మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. ఆవిడ నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించి, కాలరు నొక్కి, ఇటు చూడకుండానే విన్నది. ఆవిడ ఒక్కతి కదిలితే వెనక ముప్ఫై ఇళ్ళు కదులుతాయి. అందుకే అంతసేపు ఎండలో నిలబడ్డాడు.

"నాకు రాయడం వచ్చన్నయ్యా. ఏడు చదివాను" అంది చివరికి.

"మరింకేం తల్లీ, వచ్చి రాయి."

"మా ఆయన పోయినప్పుడు సాయం డబ్బు కాగితం నేనే రాస్తానని పెన్ను పట్టుకున్నాను. గుర్తుందా? మీరు లాక్కున్నారు. కోడి కెలికినట్టుంది, కాగితం పాడుచేయకు, సంతకం ఒక్కటే పెట్టు అన్నారు. వెనక పదిమంది ఉన్నారు. ఆ తర్వాత నేను పెన్ను పట్టుకోలేదు."

అతనికి గుర్తులేదు. గుర్తులేదని చెప్పడం ఇంకా సిగ్గుచేటు. పనులు త్వరగా అవ్వాలని అలా అని ఉంటానని గొణిగాడు. నిజమే, పని త్వరగానే అయింది, నెల తిరక్కుండా ఆవిడ చేతికి డబ్బందింది. అదీ నిజమే. ఆవిడ చొక్కా మడతపెట్టి దొంతర మీద ఉంచి, చూస్తాను వెళ్ళండి అంది.

సాయంత్రానికి ఆఫీసు గుమాస్తాని కనుక్కుంటే ఆ రోజు వచ్చి రాసినవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది.

ఆ సాయంత్రమే ఇంట్లో సంచిలోంచి ఇంకో ఫారం తీశాడు. జైలు ఆఫీసులో వారం క్రితం అడిగి తెచ్చుకున్నది. సమ్మెలో పాల్గొనడం తప్పేనని, ఎవరో రెచ్చగొడితే చేశానని, ఇకపై ఏ సంఘంలోనూ చేరనని రాసిచ్చిన వాళ్ళని పదిరోజుల్లో వదిలేస్తున్నారు. ఉద్యోగం రాదు, మనిషి వస్తుంది. భార్య దారాలు కత్తిరిస్తుంటే ఎదురుగా కూర్చుని కూతురి పేరు, వయసు, కండక్టరు బిల్ల నంబరు, నేరాంగీకారం అన్నీ నింపాడు. రెచ్చగొట్టిన వారి పేర్లు అన్న చోట మాత్రం ఖాళీ వదిలాడు. చివర్న అలవాటుగా పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టాడు.

బుధవారం ములాఖత్తు. ఇనుప జాలీకి అవతల కూతురు కూర్చుంది. బస్సులో అరవై మంది మీదుగా టికెట్, టికెట్ అని కేక వేసిన గొంతు ఇప్పుడు ఒక్క మాటకి రెండుసార్లు దగ్గుతోంది. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. తల్లి జాలీ సందులోంచి రెండు వేళ్ళు పోనిచ్చింది, కూతురు ఆ రెండు వేళ్ళూ పట్టుకుంది.

"ఎన్నయ్యాయి నాన్నా?"

చేరినట్టే అన్నాడు. ఏవో చిన్న అభ్యంతరాలు పెట్టారని, రేపటికి సర్దుకుంటాయని, అయినా ఎందుకైనా మంచిదని ఒకటి తెచ్చానని ఫారం జాలీకి ఆనించి పట్టుకున్నాడు. ఆ మాటలు చెబుతున్నప్పుడు తన గొంతు బల్ల దగ్గర అందరితో మాట్లాడే గొంతులాగే ఉండటం అతనికే వినబడింది. కూతురు మొత్తం చదివింది. ఆమెకి తండ్రిలాగే కింది గీత దాకా చదివే అలవాటు.

"ఇందులో నా మాట ఒక్కటీ లేదు నాన్నా."

"మాటలదేముంది తల్లీ. రాసిందంతా నేను. నువ్వు సంతకం ఒక్కటే పెట్టు. ఆ దగ్గు చూడు, ఎలా ఉందో."

కూతురు తల్లివైపు తిరిగింది. తన కోసమైతే పెట్టనంది. సంతకాలు చేరకపోతే మాత్రం పెడతానంది. "అమ్మ అంతగా అడిగాక ఎలా కాదనను? పోయిన వారం ఉత్తరంలో, నా ప్రాణం నిలవాలంటే సంతకం పెట్టి వచ్చెయ్యమని రాసిందిగా. ఆ ఉత్తరం చదివి రెండు రోజులు తిండి సహించలేదు. సోమవారం తీసుకురండి, పెడతాను."

తల్లి వేళ్ళు జాలీలోనే ఉన్నాయి. తల మాత్రం మెల్లిగా భర్తవైపు తిరిగింది. రైటరు ఫారం మడతపెట్టే పనిలో పడ్డాడు. నాలుగు మడతలు చాలుననుకున్నది ఎనిమిది పెట్టాడు. పోయిన వారం ఉత్తరం మెట్ల కింద బల్ల మీద రాసి, ఇంటికి తేకుండానే పోస్టు డబ్బాలో వేశాడు. ప్రతి వారం భార్యని అడిగి, ఆవిడ చెప్పింది రాసి, చదివి వినిపించి పోస్టు చేసేవాడు. ఆ ఒక్క వారం అడగలేదు. తల్లి ప్రాణం అంటే కూతురు కరుగుతుందని అతనికి తెలుసు. అతను రాసింది కరిగించడానికే.

గంట మోగింది. తిరుగు బస్సులో భార్య కిటికీ పక్కన కూర్చుని ఒక్క మాటా అడగలేదు. అడిగితే చెప్పుకుందామని అతను దారి పొడుగునా మాటలు సర్దుకున్నాడు. అవి అలాగే మిగిలిపోయాయి.

గురువారం పరిశీలన కార్యాలయం గేటు బయట, రోడ్డుకి అవతల నిలబడ్డాడు. కిటికీలోంచి హాలు సగం కనిపిస్తోంది. పదకొండు వందల మందికి వేసింది ఒక్కటే బల్ల. దారంతో కట్టిన పెన్నులు రెండు. పొద్దున జనం పలచగా ఉన్నారు. పదింటికి ఇస్త్రీ ఆవిడ వచ్చింది. బండి కట్టేసి, ఉతికిన చీర కట్టుకుని, వెనక వీధి మొత్తాన్ని వెంటేసుకుని వచ్చింది. రోడ్డుకి అవతలున్న అతనివైపు ఒకసారి చూసి లోపలికి నడిచింది. ఆమెని చూసి మెకానిక్కు వచ్చాడు. మెకానిక్కుని చూసి గ్యారేజీ వచ్చింది. మధ్యాహ్నానికి వరస గేటు దాటి రోడ్డు మీదికి పాకింది. వాచ్‌మన్ కూడా మొహం పక్కకి పెట్టుకుని వరసలో నిలబడ్డాడు.

కాని వరస కదలదే. ఒక్కో మనిషి పెన్ను పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుని, ఇంటి నంబరు నోట్లో చెప్పుకుని, ఒక్కో అక్షరం దిద్దుతున్నాడు. రాసింది చూసుకుని, ఇది బాగుందా అని గుమాస్తాని అడుగుతున్నాడు. గుమాస్తా పలకడు. రైటరు అవతల నుంచి చేతులు నలుపుకున్నాడు. తను ఆ బల్ల దగ్గరుంటే నిమిషానికి ఇద్దరిని పంపేసేవాడు. అలా పంపేసినందుకే ఇలా నిలబడ్డాడని కూడా తెలుస్తోంది, అయినా చేతులు ఊరుకోవు.

ఐదింటికి ప్యూను వచ్చి గేటు మూశాడు. లోపల రాసినవాళ్ళు అన్ని రోజులూ కలిపి ఏడువందల తొంభై ఒకటి. బయట వరసలో ఇంకా వంద మందికి పైనే ఉన్నారు. రైటరు గడప తొక్కకూడదన్న సంగతి మరిచిపోయి గేటు ఊచలు పట్టుకున్నాడు. ఓటు వేసే రోజున టైము అయ్యేసరికి వరసలో ఉన్నవాళ్ళందరికీ చీటీలిచ్చి ఓటు వేయిస్తారు కదా అని గేటు దగ్గరికొచ్చిన అధికారిని అడిగాడు. ఆ అధికారి చెడ్డవాడేమీ కాదు, రోజంతా కూర్చుని నడుము పట్టేసినట్టుంది. అది ఓటింగయ్యా, ఇది అర్జీ, దీనికి ఆ నిబంధన లేదు అన్నాడు. ఇక్కడే ఉన్నారు కదండీ, కళ్ళెదురుగా ఉన్నారు అన్నాడు రైటరు.

"యాభై తొమ్మిది మంది సార్. యాభై తొమ్మిది మందిని రానివ్వండి చాలు. నా కూతురు లోపలుంది."

అధికారి గడియారం చూశాడు, ప్యూనుని చూశాడు. "రాతపూర్వకంగా ఇవ్వండి. పైకి పంపిస్తాను. ఇవాళ్టి ఫైలు మాత్రం ఇవాళే సీలవుతుంది."

రాతపూర్వకంగా అన్న మాట వినగానే రైటరు చేతులు వాటంతటవే సంచిలోకి వెళ్ళాయి. గేటు పక్క అరుగు మీద కాగితం పరిచి, ఐదు గంటలకు ఈ దిగువ సంతకాలు చేసినవారంతా వరసలో ఉండగా గేటు మూయబడినదని నాలుగు వాక్యాల్లో రాశాడు. ఇంత బాగా అతను ఎన్నడూ రాయలేదు. కింద ఒకటి అంకె వేసి తలెత్తి, పేరు చెప్పమని వరసలో ముందున్న మనిషిని అడగబోయాడు. నోరు తెరిచినవాడు అలాగే ఆగాడు. పెన్ను తిప్పి ముందుకి చాచాడు.

"మీరే రాయండి. పేరూ, నంబరూ, అన్నీ" అన్నాడు. "ఎలా ఉన్నా పర్వాలేదు."

వరసలో ఎవరూ వెంటనే కదల్లేదు. తర్వాత ఒకరు వంగారు, ఆ తర్వాత ఇంకొకరు. అతను పక్కన నిలబడి కాగితం ఎగరకుండా రెండు మూలలూ నొక్కి పట్టుకున్నాడు, అంతే. అక్షరాలు గీత మీద నిలవలేదు, ఒకరి పేరు ఇంకొకరి గీతలోకి దిగింది. పద్దెనిమిదో గీత దగ్గర వచ్చిన మనిషి అతని భార్య. చేతిలో చొక్కాల సంచి ఉంది. ఎప్పుడొచ్చి నిలబడిందో అతను చూసుకోలేదు.

రైటరు అలవాటు కొద్దీ ఇంకు ప్యాడు తీసి మూత విప్పి ముందుకి తోశాడు. ఆవిడ ప్యాడుని పక్కకి జరిపి పెన్ను తీసుకుంది. తన పేరు రాసింది, భర్త పేరు రాసింది, ఇంటి నంబరు వేసింది. గుండ్రంగా, రెండో తరగతి పిల్ల రాసినట్టు నిదానంగా రాసింది. ఎక్కడా ఆగలేదు.

"నువ్వెప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు.

"మన పిల్లతో పాటే. అది రెండో తరగతిలో పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చునేదాన్ని."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరెప్పుడూ ప్యాడే తోసేవారు" అంది ఆవిడ. కోపంగా అనలేదు. వెనకున్న వాళ్ళకి చోటిస్తూ పక్కకి జరిగింది.

కాగితం నిండాక అధికారి ఊచల్లోంచి తీసుకుని, అందినట్టు ముద్ర వేసి నకలు ఇచ్చాడు. పైనుంచి ఏదైనా వస్తే తెలియజేస్తామన్నాడు. అలాంటి ముద్రలు రైటరు ముప్ఫై ఏళ్ళలో వేలు చూశాడు. వాటి బరువెంతో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. లోపల లక్క కరిగిన వాసన వచ్చింది. తొమ్మిది వేల తొమ్మిది వందల నలభై ఒకటి దగ్గర ఫైలు సీలయింది. ఇస్త్రీ ఆవిడ ఇంకా అక్కడే ఉంది. అది విని కొంగుతో మొహం తుడుచుకుని, బండి దగ్గర ఎవరూ లేరంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెడదామనుకుంటూ మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే కదిలారు.

అరుగు మీద ఇద్దరే మిగిలారు. రైటరు ఇక దాచుకోలేకపోయాడు. చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. భార్య అతను ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చింది. తర్వాత అతని సంచి దగ్గరికి లాక్కుని అందులోంచి ఎనిమిది మడతల ఫారం తీసింది. ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో మడతలు సాపు చేసింది. ముందు వైపు మొత్తం చదివింది. చదువుతున్నప్పుడు ఆవిడ పెదవులు కదలడం అతను మొదటిసారి చూశాడు. ఫారం వెనక్కి తిప్పింది. వెనకంతా ఖాళీగా ఉంది. చొక్కాల సంచిని కింద ఆనించుకుని రాయడం మొదలుపెట్టింది.

బల్లకి ఇవతల కూర్చుని అవతలి మనిషి చేతిలో కాగితం చూడటం అతని వృత్తి, తలకిందులుగా చదవడం అతనికి కష్టం కాదు. ఒక్కో మాటా పడుతుంటే చదివాడు.

అమ్మను రాస్తున్నాను. ఇది నా రాతే. పోయిన ఉత్తరం నేను రాయలేదు. సంతకం పెట్టమని నేను అనలేదు. నీకు పెట్టాలనిపిస్తే పెట్టు, నా కోసం పెట్టకు. ఇక్కడ యాభై తొమ్మిది తక్కువయ్యాయి. మళ్ళీ మొదలుపెడతారట. వేడినీళ్ళు అడిగి తాగు.

చివర్న అమ్మ అని రాసింది. కాసేపు ఆలోచించి, అతని చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి, ఆ మాట పక్కన చిన్న ఇంటూ మార్కు పెట్టింది. కాగితం అతనివైపు తిప్పి పెన్ను చేతికిచ్చింది.

"రాయాల్సిందంతా రాశాను. మీరు సంతకం ఒక్కటే పెట్టండి" అంది.

రైటరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. కింది గీత దాకా ఇంకోసారి చదివి, మార్కు ఉన్న చోట సంతకం పెట్టాడు.